మాజీ రాష్ట్రపతుల స్మారక గ్రంథాలయాలు, ప్రదర్శనశాలలు

భారత రాష్ట్రపతి పదవిని నిర్వహించిన వారి రచనలను, ఉత్తర ప్రత్యుత్తరాలను, వాడిన వస్తువులను, ఛాయాచిత్రాలను భద్రపరచి ప్రజలకు అందుబాటులో ఉంచే సంస్థలను రాష్ట్రపతుల స్మారక గ్రంథాలయాలు, ప్రదర్శనశాలలు అని చెప్పవచ్చు. అమెరికాలో అధ్యక్షుల గ్రంథాలయాలకు ప్రత్యేక చట్టాలు ఉన్నాయి. భారతదేశంలో అటువంటి ఏర్పాటు లేదు. అందువలన ఒక రాష్ట్రపతి స్మృతి ఒక విశ్వవిద్యాలయంలోను, మరొకరిది ఒక ఆశ్రమంలోను, ఇంకొకరిది ఒక శిక్షణ సంస్థ గ్రంథాలయంలోను నిలిచి ఉన్నది.

తెలుగువారికి ఈ విషయంతో దగ్గరి సంబంధం ఉన్నది. సర్వేపల్లి రాధాకృష్ణన్, వరాహగిరి వెంకటగిరి, నీలం సంజీవరెడ్డి తెలుగు కుటుంబాలలో పుట్టినవారు. జాకిర్ హుసేన్ హైదరాబాదులో జన్మించాడు. ఎ.పి.జె. అబ్దుల్ కలాం వృత్తి జీవితంలో ముఖ్య ఘట్టం హైదరాబాదులోనే గడిచింది. రాష్ట్రపతి దక్షిణాది విడిది అయిన రాష్ట్రపతి నిలయం హైదరాబాదు బొల్లారంలో ఉన్నది.

అమెరికా పద్ధతి

అధ్యక్షుడి కాగితాలను ఒకచోట చేర్చి ప్రజలకు అప్పగించే సంప్రదాయాన్ని ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ ప్రారంభించాడు. ఆయన గ్రంథాలయం 1941 జూన్ 30న న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్కులో ప్రారంభమైనది. 1955లో అధ్యక్షుల గ్రంథాలయాల చట్టం వచ్చింది. దాని ప్రకారం భవనాన్ని విరాళాలతో నిర్మించి ప్రభుత్వానికి అప్పగిస్తే, జాతీయ అభిలేఖాగారం దానిని నిర్వహిస్తుంది. అంతవరకు అధ్యక్షుడి కాగితాలు ఆయన సొంత ఆస్తిగానే లెక్క. వాటర్‌గేట్ కుంభకోణం తరువాత 1978లో చేసిన మరొక చట్టం, 1981 జనవరి నుండి పదవిలోకి వచ్చే అధ్యక్షుల అధికారిక పత్రాలన్నీ ప్రజల ఆస్తి అని నిర్ణయించింది.

ఈ పద్ధతిలోని చిక్కును రిచర్డ్ నిక్సన్ గ్రంథాలయం చరిత్ర బాగా చూపిస్తుంది. 1990లో కాలిఫోర్నియాలో అది ప్రైవేటు సంస్థగా ప్రారంభమైనది. వాటర్‌గేట్ వ్యవహారాన్ని అక్కడి ప్రదర్శన నిక్సన్ వైపు నుండే చెప్పేది. 2007లో అది జాతీయ అభిలేఖాగారం చేతికి వచ్చింది. పత్రాలు, ధ్వనిముద్రణలు ఆధారంగా తయారుచేసిన కొత్త వాటర్‌గేట్ ప్రదర్శన 2011లో తెరుచుకున్నది. అవే గదులు, అదే అధ్యక్షుడు. సందర్శకులు చూసిన చరిత్ర మాత్రం మారిపోయింది. స్మారకాన్ని అభిమానులు నిర్వహిస్తున్నారా, పత్రాలు చదివినవారు నిర్వహిస్తున్నారా అన్న ప్రశ్న భారతదేశానికి కూడా వర్తిస్తుంది.

భారతదేశంలో పరిస్థితి

1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల పత్రాల భద్రతను నిర్దేశిస్తున్నది. శాశ్వతంగా ఉంచదగిన పాత పత్రాలు జాతీయ అభిలేఖాగారానికి చేరాలి. అయితే ఒక రాష్ట్రపతి స్వయంగా రాసుకున్న దినచర్య, మిత్రులకు రాసిన ఉత్తరాలు, సొంత పుస్తకాలు వ్యక్తిగత ఆస్తి కిందికి వస్తాయి. వాటిని ఎక్కడ ఉంచాలో నిర్ణయించేది కుటుంబమే.

ప్రధానమంత్రుల విషయంలో ఢిల్లీలోని తీన్‌మూర్తి భవనం ఒక కేంద్రంగా ఏర్పడింది. నెహ్రూ స్మారక సంగ్రహాలయంగా మొదలైన ఆ సంస్థ ఆవరణలో ప్రధానమంత్రులందరికీ సంబంధించిన ప్రదర్శనశాల 2022 ఏప్రిల్ 14న ప్రారంభమైనది. రాష్ట్రపతులకు సంబంధించి దీనికి దగ్గరగా ఉన్నది రాష్ట్రపతి భవన్ మ్యూజియం. దాని మొదటి దశ 2014 జూలై 25న, రెండవ దశ 2016 జూలై 25న ప్రారంభమైనవి. పాత గుర్రపుశాలలు, గారేజీలు ఇందుకు ఉపయోగపడ్డాయి. రాష్ట్రపతులు అందుకున్న కానుకలు, వాహనాలు, భవన నిర్మాణ చరిత్ర అక్కడ కనిపిస్తాయి. కానుకలు చూడడానికి బాగుంటాయి గానీ, ఒక రాష్ట్రపతి ఒక ఫైలుపై సంతకం చేయడానికి ముందు ఏమి ఆలోచించాడో అవి చెప్పవు.

ఆ లోటు తీరిన సందర్భం మొదటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్‌ది. 1962లో పదవీ విరమణ చేసి ఆయన పాట్నాలోని సదాకత్ ఆశ్రమానికి తిరిగి వెళ్ళాడు. 1963 ఫిబ్రవరి 28న మరణించాడు. ఆశ్రమంలో ఆయన నివసించిన ఇల్లు రాజేంద్ర స్మృతి సంగ్రహాలయంగా మారింది. అంతకంటే విలువైనది ఆయన ఉత్తర ప్రత్యుత్తరాల ప్రచురణ. వాల్మీకి చౌధురి సంపాదకత్వంలో 1984 నుండి 21 సంపుటాలుగా ఇవి వెలువడ్డాయి. హిందూ కోడ్ బిల్లుపై రాజేంద్రప్రసాద్‌కు, నెహ్రూకు మధ్య వచ్చిన అభిప్రాయ భేదాన్ని నేటి విద్యార్థి వారిద్దరి మాటలలోనే చదవగలుగుతున్నాడంటే అది ఇటువంటి సంకలనాల వలననే.

రాష్ట్రపతి నిలయం, బొల్లారం

ఇది ఏ ఒక్క రాష్ట్రపతికీ స్మారకం కాదు. అయినా తెలంగాణలో రాష్ట్రపతి పదవికి సంబంధించిన ప్రధాన ప్రదర్శనశాల ఇదే. 1860లో నిజాం పాలనలో నిర్మించిన ఈ భవనం బ్రిటిషు రెసిడెంటుకు విడిదిగా ఉండేది. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత దీనిని రాష్ట్రపతి విడిదిగా చేశారు. మొత్తం ఆవరణ సుమారు 90 ఎకరాలు. ప్రధాన భవనం ఒక అంతస్తుదే, 11 గదులు ఉన్నాయి. ఢిల్లీలోని 340 గదుల రాష్ట్రపతి భవన్‌ను ఊహించుకొని వచ్చినవారికి ఇది పెద్ద బంగళాలాగానే కనిపిస్తుంది.

చాలా సంవత్సరాల పాటు, రాష్ట్రపతి విడిది ముగిసిన తరువాత కొద్ది రోజులు మాత్రమే ఉద్యానవనాన్ని ప్రజలకు తెరిచేవారు. 2023 మార్చి 22న, ఉగాది నాడు, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దీనిని సంవత్సరం పొడవునా సందర్శించే ఏర్పాటును ప్రారంభించింది. అప్పటి నుండి రాష్ట్రపతి విడిది చేసే గదులను, భోజనశాలను లోపలి నుండి చూసే వీలు కలిగింది. వంటశాల భోజనశాలకు దూరంగా ఉండడంతో వంటకాలను తీసుకువెళ్ళడానికి భూగర్భంలో సొరంగం తవ్వించారు. సందర్శకులు ఆ సొరంగంలో నడవవచ్చు. దాని గోడలను చేర్యాల చిత్రాలతో అలంకరించారు.

ఇక్కడి జ్ఞాన ప్రదర్శనశాలలో రాష్ట్రపతి భవన్, రాష్ట్రపతి నిలయాల చరిత్ర, రాజ్యాంగంలో రాష్ట్రపతి స్థానం, సర్వసైన్యాధ్యక్షుడిగా రాష్ట్రపతి పాత్ర వివరించబడ్డాయి. బయట రాష్ట్రపతులు వాడిన తరహా గుర్రపు బగ్గీ, లిమోజిన్ కారు ఉంచారు. ఔషధ మొక్కల వనం, 27 నక్షత్రాల పేర ఏర్పాటైన నక్షత్ర వనం, పునరుద్ధరించిన మెట్లబావులు ఉన్నాయి. హైదరాబాదు విలీనం తరువాత జాతీయ పతాకం ఎగిరిన చోట 120 అడుగుల ధ్వజస్తంభం నమూనాను 2023 డిసెంబరులో ప్రారంభించారు. 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఈశాన్య రాష్ట్రాల కళలతో భారతీయ కళా మహోత్సవం ఇక్కడే జరిగింది.

హైదరాబాదుకు నైఋతి దిక్కున ఉన్న షాబాద్, చేవెళ్ళ, మొయినాబాద్ మండలాల పాఠశాలల నుండి విహారయాత్రకు వచ్చేవారు నగరం ఆ చివరి నుండి ఈ చివరికి రావలసి ఉంటుంది. చూడవలసినది సగం రోజుకు సరిపడా ఉన్నది. రాష్ట్రపతుల గురించి చదవదలచినవారికి మాత్రం ఈ ప్రదర్శనశాల ఆరంభమే. మిగిలినది పుస్తకాలలోనే దొరుకుతుంది.

సర్వేపల్లి రాధాకృష్ణన్

1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో జన్మించిన రాధాకృష్ణన్ 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడిగా, 1962 నుండి 1967 వరకు రాష్ట్రపతిగా పనిచేశాడు. తిరుత్తణిలోని ఆయన ఇల్లు గ్రంథాలయంగా మారింది. పుట్టిన ఇంటిని తాళం వేసిన మ్యూజియంగా కాక పత్రికలు చదువుకొనే చోటుగా ఉంచడం ఆయన అభిప్రాయాలకు తగినదే. ఆయన అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, విశ్వవిద్యాలయం చేసే పనులన్నింటికీ గ్రంథాలయం గుండె వంటిదన్న భావాన్ని తన నివేదికలో గట్టిగా చెప్పింది.

ఆయన పుట్టినరోజు 1962 నుండి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుగుతున్నది. ఒక మాజీ రాష్ట్రపతి పేర దేశంలో ఇంత విస్తృతంగా జరిగే కార్యక్రమం మరొకటి లేదు. అయితే ఆనాడు బడులలో వినిపించే ప్రసంగాలలో రాధాకృష్ణన్ తత్త్వవేత్త అన్న మాట తప్ప ఆయన రాసినదేమిటో తెలిపేవి తక్కువ. ఆ కొరతను తీర్చుకొనదలచినవారికి ఆయన కుమారుడు, చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్ 1989లో ప్రచురించిన జీవితచరిత్ర ముఖ్యమైనది. కొడుకు రాసినదే అయినా తండ్రి లోపాలను దాచకపోవడం ఆ గ్రంథం విశేషం.

జాకిర్ హుసేన్

జాకిర్ హుసేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించాడు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ ఇక్కడ న్యాయవాది. 1907లో తండ్రి మరణించడంతో కుటుంబం ఉత్తరప్రదేశ్‌లోని ఖాయంగంజ్‌కు తిరిగి వెళ్ళింది. సోదరుడు యూసుఫ్ హుసేన్ ఖాన్ తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యుడిగా పనిచేశాడు. కాబట్టి హైదరాబాదుతో ఆ కుటుంబానికి ఉన్న బంధం అంతటితో తెగిపోలేదు.

బెర్లిన్‌లో చదువుకొనే రోజులలో గాలిబ్ కవితా సంపుటిని ముచ్చటైన చిన్న పుస్తకంగా అచ్చు వేయించిన పుస్తకప్రియుడు జాకిర్ హుసేన్. 1926 నుండి 1948 వరకు జామియా మిలియా ఇస్లామియాకు ఉపాధ్యక్షుడిగా ఉండి, జీతాలకు డబ్బు లేని రోజులలో దానిని నిలబెట్టాడు. 1967 మే 13న రాష్ట్రపతి అయ్యాడు. 1969 మే 3న పదవిలో ఉండగానే మరణించాడు. పదవిలో మరణించిన మొదటి రాష్ట్రపతి ఆయనే. ఢిల్లీలో జామియా ఆవరణలోనే సమాధి ఉన్నది. ఆ విశ్వవిద్యాలయ కేంద్ర గ్రంథాలయానికి ఆయన పేరు పెట్టారు. సమాధిని చూడడానికి వచ్చేవారి కంటే ఆ గ్రంథాలయంలో కూర్చొని పరీక్షలకు చదువుకొనే విద్యార్థుల సంఖ్యే ఎక్కువ అని ఊహించడం కష్టం కాదు.

వి.వి. గిరి

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న నాటి మద్రాసు రాష్ట్రంలోని బరంపురంలో జన్మించాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల నాయకుడిగా పేరు తెచ్చుకున్నాడు. కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి 1954లో బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పు విషయంలో రాజీనామా చేశాడు. జాకిర్ హుసేన్ మరణం తరువాత 1969లో జరిగిన రాష్ట్రపతి ఎన్నికలో, కాంగ్రెసు అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డిపై స్వతంత్ర అభ్యర్థిగా గెలిచాడు. ఆ ఎన్నికను సవాలు చేసిన వ్యాజ్యంలో 1970లో రాష్ట్రపతి హోదాలోనే సుప్రీంకోర్టుకు స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పాడు.

గిరి స్మృతి నిలిచిన తీరు మిగిలినవారికి భిన్నమైనది. 1974లో ఏర్పడిన జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. నోయిడాలో ఉన్న ఈ సంస్థ గ్రంథాలయం కార్మిక సంబంధాలపై దేశంలోని ప్రత్యేక గ్రంథాలయాలలో ఒకటి. భారతీయ కార్మిక చరిత్రకారుల సంఘంతో కలిసి ఈ సంస్థ 1998లో భారతీయ కార్మిక అభిలేఖాగారాన్ని ప్రారంభించింది. కార్మిక సంఘాల పత్రాలు, కమిషన్ల ముందు ఇచ్చిన వాంగ్మూలాలు, కార్మికుల నోటి మాటలుగా సేకరించిన చరిత్రలు ఇందులో చేరాయి. వీటిని కంప్యూటరీకరించి పరిశోధకులకు అందించడం మొదటి నుండి ఆ పథకంలో భాగం.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆ అభిలేఖాగారం గిరిని గురించినది కాదు, గిరి ఎవరి కోసం పనిచేశాడో వారిని గురించినది. రైల్వే గ్యాంగుమన్, గిర్నీ కూలీ, గని కార్మికుడు సాధారణంగా ఏ ప్రదర్శనశాలలోను కనిపించరు. మాజీ రాష్ట్రపతి పేరున్న చోట వారి మాటలు భద్రంగా ఉండడం, ఆయన పేర నిలిపిన విగ్రహాలన్నింటి కంటే మంచి స్మారకం అనుకోవచ్చు. గిరి ఆత్మకథ 1976లో ఆంగ్లంలో వెలువడింది.

నీలం సంజీవరెడ్డి

అనంతపురం జిల్లా ఇల్లూరులో 1913 మే 19న జన్మించిన సంజీవరెడ్డి ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి, రెండు సార్లు లోక్‌సభ స్పీకరు. 1977లో రాష్ట్రపతిగా పోటీ లేకుండా ఎన్నికయ్యాడు. 1982 వరకు ఆ పదవిలో ఉన్నాడు. 1996 జూన్ 1న బెంగుళూరులో మరణించాడు. ఆయన పదవీకాలాన్ని అర్థం చేసుకోవడానికి ముఖ్యమైన ఆధారం 1989లో ఆయనే ఆంగ్లంలో ప్రచురించిన జ్ఞాపకాలు, వితవుట్ ఫియర్ ఆర్ ఫేవర్.

1979లో మొరార్జీ దేశాయి ప్రభుత్వం పడిపోయినప్పుడు సంజీవరెడ్డి చరణ్ సింగ్‌ను ప్రధానిగా ఆహ్వానించాడు. చరణ్ సింగ్ లోక్‌సభను ఎదుర్కొనకుండానే రాజీనామా చేయగా, జగ్జీవన్ రాంకు అవకాశం ఇవ్వక ఆగస్టు 22న సభను రద్దు చేశాడు. ఈ నిర్ణయం నేటికీ రాజ్యాంగ విద్యార్థులు చర్చించుకొనే అంశం. నిర్ణయం తీసుకున్న వ్యక్తి రాసిన జ్ఞాపకాలు ఒక పక్షం మాత్రమే అవుతాయి. వాటి పక్కన నాటి ఉత్తరాలు, న్యాయ సలహాలు కూడా ఉన్నప్పుడే పాఠకుడు తనంత తాను ఒక అభిప్రాయానికి రాగలడు.

తెలంగాణ పాఠకులకు మరొక పత్రం ముఖ్యమైనది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై సంతకం చేసిన ఎనిమిది మందిలో ఆంధ్ర పక్షాన సంజీవరెడ్డి ఉన్నాడు. తెలంగాణ పక్షాన సంతకం చేసిన నలుగురిలో ఒకడు కొండా వెంకట రంగారెడ్డి. ఈయన స్వగ్రామం నేటి మొయినాబాద్ మండలంలోని పెద్దమంగళారం. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉప ముఖ్యమంత్రి రెండవ ప్రాంతం వాడు కావాలని ఒప్పందం చెప్పింది. 1956 నవంబరులో సంజీవరెడ్డి ఏర్పరచిన మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రి లేడు. ఒప్పందం తొలిరోజునే తప్పారన్న ఆవేదన తెలంగాణలో అప్పటి నుండి వినిపిస్తూ వచ్చింది. తరువాతి కాలంలో రంగారెడ్డి ఆ పదవిని నిర్వహించాడు. షాబాద్, చేవెళ్ళ, మొయినాబాద్ మండలాలు ఉన్న జిల్లా 1978 ఆగస్టు 15న ఏర్పడి రంగారెడ్డి పేరు పొందింది. అప్పుడు రాష్ట్రపతి సంజీవరెడ్డియే కావడం విశేషం.

అనంతపురంలో సంజీవరెడ్డి స్మృతి ఒకలాగా, చేవెళ్ళ ప్రాంతంలో మరొకలాగా ఉండడం సహజం. ఆయనపై ప్రదర్శన ఏర్పాటు చేసేవారు నాగార్జునసాగర్, శ్రీశైలం ప్రాజెక్టుల చిత్రాల పక్కన ఈ ఒప్పందం ప్రతిని కూడా ఉంచితేనే అది రెండు ప్రాంతాల వారికీ నమ్మదగినదిగా ఉంటుంది.

ఎ.పి.జె. అబ్దుల్ కలాం

కలాం 1982లో హైదరాబాదులోని రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాలకు సంచాలకుడిగా వచ్చాడు. 1983లో ప్రారంభమైన సమగ్ర క్షిపణి కార్యక్రమం ఆయన నాయకత్వంలోనే సాగింది. క్షిపణుల కోసం తయారైన తేలికపాటి మిశ్రమ పదార్థంతో, హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలోని పోలియో పిల్లల కాళ్ళకు 300 గ్రాముల కాలిపర్లు చేయించిన సంగతిని ఆయన తరచుగా చెప్పేవాడు. అంతకు ముందు ఆ పిల్లలు మూడు కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లను ఈడ్చుకుంటూ నడిచేవారు. 2002 నుండి 2007 వరకు రాష్ట్రపతిగా ఉన్నాడు. 2015 జూలై 27న షిల్లాంగులో విద్యార్థులకు ఉపన్యసిస్తూ కుప్పకూలి మరణించాడు.

రామేశ్వరం సమీపంలోని పేయ్ కరుంబులో రక్షణ పరిశోధన సంస్థ నిర్మించిన జాతీయ స్మారకం 2017 జూలై 27న ప్రారంభమైనది. క్షిపణులు, ఉపగ్రహ వాహక నౌకల నమూనాలు, చిత్రాలు అక్కడ ఉన్నాయి. రామేశ్వరంలోని ఆయన ఇల్లు కూడా ప్రదర్శనశాలగా మారింది. ఢిల్లీలో ఆయన వస్తువులతో ఒక స్మారకం 2016 జూలైలో ఐ.ఎన్.ఎ. దిల్లీ హాట్‌లో తెరిచారు. హైదరాబాదులోని క్షిపణి సంస్థల సముదాయానికి 2015 అక్టోబరులో ఆయన పేరు పెట్టారు గానీ, రక్షణ ఆవరణ కావడంతో సామాన్య సందర్శకులకు అది తెరిచి ఉండదు.

పుస్తక పఠనానికి సంబంధించి కలాం పేర జరిగే కార్యక్రమాలలో మహారాష్ట్రది చెప్పుకోదగినది. ఆయన జన్మదినమైన అక్టోబరు 15ను ఆ రాష్ట్రం 2015 నుండి వాచన్ ప్రేరణా దిన్‌గా, అంటే పఠన స్ఫూర్తి దినంగా జరుపుతున్నది. ఆ రోజున బడులలో పిల్లల చేత పుస్తకాలు చదివిస్తారు. ప్రతి ఇంటా కొన్ని పుస్తకాలతోనైనా సొంత గ్రంథాలయం ఉండాలని కలాం సభలలో కోరేవాడు. ఆయన ఆత్మకథకు వాడ్రేవు చినవీరభద్రుడు చేసిన తెలుగు అనువాదం, ఒక విజేత ఆత్మకథ, తెలుగు విద్యార్థులలో విశేష ప్రచారం పొందింది.

పౌర గ్రంథాలయాలలో

తెలుగు ప్రాంతాలలో జిల్లా గ్రంథాలయ సంస్థల వ్యవస్థ 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టంపై ఆధారపడి ఏర్పడింది. స్థానిక సంస్థలు ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేసి వీటికి చెల్లించవలసి ఉంటుంది. వసూలైన పన్ను గ్రంథాలయాలకు చేరడంలో ఆలస్యం పాత సమస్య. నవంబరు 14 నుండి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలలో పుస్తక ప్రదర్శన, వ్యాసరచన, వక్తృత్వ పోటీలు ఉంటాయి. రాష్ట్రపతుల గురించి గ్రామీణ పాఠకుడు తెలుసుకొనే అవకాశం ఎక్కువగా ఇక్కడే ఉన్నది.

ఇటువంటి సందర్భాలలో చిత్రపటానికి దండ వేసి, బల్ల మీద నాలుగు పుస్తకాలు పరచడమే ప్రదర్శన అయిపోతున్నది. నిజానికి ఇందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. రాజేంద్రప్రసాద్, నెహ్రూల ఉత్తరాలలో రెండింటి ప్రతులు, 1969 ఎన్నిక ఫలితాన్ని ప్రకటించిన నాటి తెలుగు దినపత్రిక మొదటి పుట, పెద్దమనుషుల ఒప్పందం పాఠం పక్కపక్కన ఉంచితే, చేవెళ్ళ ప్రాంతపు పదవ తరగతి విద్యార్థి కూడా రాష్ట్రపతి పదవి ఎటువంటిదో గ్రహించగలడు. పాత దినపత్రికలు హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో ఉన్నాయి. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా ఏర్పడిన ఆ సంస్థలో, జాకిర్ హుసేన్ పుట్టిన నాటి హైదరాబాదును గురించిన ఉర్దూ గ్రంథాలు కూడా లభిస్తాయి.

ఇవి కూడా చూడండి

భారత రాష్ట్రపతులు
రాష్ట్రపతి నిలయం
పెద్దమనుషుల ఒప్పందం
కొండా వెంకట రంగారెడ్డి